మోకాలికి తీసిన ఫొటోలో తుంటి కనబడదు

మా మందుల షాపు పర్లాకిమిడిలో ఉంది. షాపు కట్టేసి నెమ్మదిగా నడుచుకుంటూ పోయినా కాసేపటికి మహేంద్రతనయ వస్తుంది. ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత అది. రోగాలు ఆ గీత చూసుకుని రావు కాబట్టి మా కౌంటర్ మీదకి బరంపురం చీటీలూ వస్తాయి, శ్రీకాకుళం చీటీలూ వస్తాయి, అప్పుడప్పుడు విశాఖపట్నం చీటీలూ వస్తాయి.

మందులు అమ్మడం కాక నాకు జీతం లేని డ్యూటీ ఇంకొకటి ఉంది. రిపోర్టు చదివి చెప్పడం. పెద్ద ప్లాస్టిక్ కవరు రెండు చేతులా పట్టుకొచ్చి, కౌంటర్ మీద పెట్టి, "ఏటి రాసినాడో సూడు బాబూ" అంటారు. నేను నల్లటి ఫిల్ము తీసి ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టి, కళ్ళు చికిలించి చూస్తాను. నిజం చెప్పాలంటే ఆ ఫిల్ములో నాకేమీ తెలియదు. నేను చదివింది ఫార్మసీ డిప్లొమా. కానీ ఎత్తి చూడకపోతే వాళ్ళ మనసు ఒప్పదు. అందుకని చూసినట్టు చూసి, కింద ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు ముక్కలు తెలుగులో చెబుతాను.

ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తుంటే ఒక సంగతి గమనించాను. పరీక్షలకి మెట్లు ఉన్నాయని మనవాళ్ళ నమ్మకం. రక్తపరీక్ష కింది మెట్టు, ఆపైన ఎక్స్‌రే, ఆపైన సీటీ, అన్నిటికన్నా పైమెట్టు ఎంఆర్‌ఐ. అక్కడికి ఎక్కేశాక ఇక ఎక్కడానికేమీ ఉండదు. "ఎంఆర్‌ఐ కూడా తీయించేశామండీ, ఏమీ లేదన్నారు" అంటారు. ఆ 'కూడా'తోనే నాకు పేచీ.

ముందు నా నడుం సంగతి చెబుతాను. పదేళ్ళ కిందట సెలైన్ సీసాల పెట్టె ఎత్తబోయి నడుం పట్టేసింది. అప్పటికి నాకు 41. విశాఖపట్నం పోయి, డాక్టరు వద్దంటున్నా బతిమాలి ఎంఆర్‌ఐ రాయించుకున్నాను. రిపోర్టులో డిస్క్ ఎండిపోయిందని, రెండు చోట్ల బయటికి ఉబ్బిందని ఉంది. ఊరందరికీ చదివి పెట్టేవాణ్ణి, నా రిపోర్టు చదువుకునేసరికి చేతులు చల్లబడ్డాయి. ఆరు నెలలు నేల మీద పడుకున్నాను, బెల్టు కట్టుకున్నాను, బిందె ముట్టుకోలేదు. మా ఆవిడే మోసింది. తమాషా ఏమిటంటే నొప్పి ఐదారు వారాలకే పోయింది. రిపోర్టు మాత్రం పోలేదు. బెల్టు కట్టుకున్నది ఆ కాగితానికి.

తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాను. 1994లో అమెరికాలో నడుం నొప్పి అనేదే లేని 98 మందికి నడుము ఎంఆర్‌ఐ తీశారు. అందులో 52 శాతం మందికి కనీసం ఒక డిస్క్ ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ సవ్యంగా ఉన్నది 36 శాతానికే. 2015లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి లెక్క వేస్తే, ఏ నొప్పీ లేనివాళ్ళలోనే డిస్క్ ఉబ్బు 20 ఏళ్ళ వయసులో 30 శాతానికి, 40 ఏళ్ళకి 50 శాతానికి, 80 ఏళ్ళకి 84 శాతానికి కనిపించింది. అంటే నా వయసుకి అది తల నెరవడం లాంటిది. తల నెరిసిందని ఎవరూ బెల్టు కట్టుకోరు కదా.

ఇంత చెప్పానని నన్ను "స్కానింగులన్నీ బిజినెస్" అనే జట్టులో కలపకండి. మా బజార్లో ఆ జట్టు కూడా పెద్దదే. నడుం నొప్పితో పాటు మూత్రం బిగిసిపోయినా, తెలియకుండానే కారిపోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలు ఈడుస్తున్నా అదే రోజు ఎంఆర్‌ఐ కావాలి. రేపటికి వాయిదా వేస్తే కాళ్ళు తిరిగి రాకపోవచ్చు. జ్వరం, బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, ఇవి నడుం నొప్పికి తోడైనా వెనకాడకూడదు. స్కానింగ్ ఎక్కువా తక్కువా అన్నది కాదు నా గొడవ. మిషన్లో పెట్టే ముందు ఎవరు ఏం అడిగారన్నది నా గొడవ.

ఇది నాకు బాగా అర్థమైంది ఒక కుర్రాడి వల్ల. మా షాపులో పెట్టెలు దింపే అతని కొడుకు, 19 ఏళ్ళు. చెన్నైలో సెంట్రింగ్ పనికి పోయి, కుడి మోకాలు నొప్పని తిరిగొచ్చేశాడు. నేను నొప్పి మాత్రలు ఇచ్చాను. తగ్గింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇచ్చాను. నాలుగు నెలలు అలాగే ఇచ్చాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాయాలి. మోకాలికి ఎక్స్‌రే తీస్తే బాగుంది. "ఓసారి ఎంఆర్‌ఐ తీయించెయ్, అనుమానం తీరిపోతుంది" అని చెప్పినవాణ్ణి కూడా నేనే. 6,500 రూపాయలు. కుర్రాడి తల్లి చెవి దిద్దులు తాకట్టు పెట్టింది. మోకాలు నార్మల్ అని రిపోర్టు వచ్చింది. అందరం సంతోషించాం. పని తప్పించుకోవడానికి నాటకం అన్నారు కొందరు. ఆ మాట నేను అనలేదు. కాదని కూడా అనలేదు.

ఇంకో రెండు నెలలకి కుర్రాడు కుంటడం మొదలుపెట్టాడు. ఈసారి శ్రీకాకుళంలో ఒక పెద్ద వయసు ఎముకల డాక్టరు దగ్గరకి నేనే తీసుకెళ్ళాను. ఆయన మా కవరు తెరవనైనా లేదు. కుర్రాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, కాలు మెల్లగా లోపలికి తిప్పారు. కేక వేశాడు. "ఎక్కడరా?" అంటే గజ్జల్లో చెయ్యి పెట్టాడు. తుంటికి పోయే నరాలే మోకాలికీ పోతాయట. అందుకని జబ్బు తుంటిలో ఉండి నొప్పి మోకాల్లో తెలియడం ఎముకల డాక్టర్లకి మామూలు సంగతే. తర్వాత ఆయన తల్లి వైపు తిరిగారు. "చిన్నప్పుడు వీడికి కళ్ళు పచ్చబడేవా అమ్మా? చలికాలంలో ఒళ్ళు నొప్పులని మంచమెక్కేవాడా?"

"ఏటేటా సచ్చి బతికినోడే బాబూ" అందామె. ఆ మాట అంతవరకూ ఆమెని అడిగినవాడు లేడు. నేనూ అడగలేదు.

రక్తపరీక్షలో సికిల్ సెల్ అని తేలింది. ఒడిశా కొండ ప్రాంతాల్లో అరుదేమీ కాని జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగానికి రక్తం అసలే సన్నటి దారుల్లో పోతుంది. ఆ దారి మూసుకుంటే ఎముక లోపల్లోపలే చచ్చిపోతుంది. ఎక్స్‌రేకి కనబడేది ఎముకలోని సున్నం. చచ్చిన ఎముక రూపం మారేదాకా, కుంగేదాకా ఎక్స్‌రే బాగానే ఉందంటుంది. ఎంఆర్‌ఐ చూసేది మూలుగలోని నీటినీ కొవ్వునీ కాబట్టి ముందుగానే పట్టుకుంటుంది.

మోకాలికి తీసిన ఆ మిషన్లోనే మళ్ళీ పెట్టి, ఈసారి రెండు తుంట్లకీ తీశారు. కుడివైపు బంతి అప్పటికే కొంచెం కుంగింది. ఎడమవైపు నొప్పి లేదు, ఎక్స్‌రే కూడా చక్కగా ఉంది. ఎంఆర్‌ఐలో మాత్రం అక్కడా మొదలైందని తేలింది. ఎడమవైపు ఎముకలోకి చిన్న రంధ్రం చేసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ చేశారు. దాన్ని కాపాడగలిగారు. కుడిదానికి ఎప్పటికైనా కీలు మార్పిడి తప్పదన్నారు. నేను మాత్రలు ఇచ్చిన నాలుగు నెలలు, ఆ తర్వాత సంతోషించిన రెండు నెలలు కలిపి ఆరు నెలలు. కుర్రాడు నన్ను ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. అంటే బావుణ్ణు.

మొదటి ఎంఆర్‌ఐ తప్పు చెప్పలేదు. మోకాలు ఎలా ఉందని అడిగితే బాగుందని చెప్పింది.

ఈ మిషన్ పనిచేసే తీరే అలాంటిది. మా ఊళ్ళో పాత రేడియో ఉన్న ఇంట్లో ఒడియా స్టేషనూ పట్టవచ్చు, తెలుగు స్టేషనూ పట్టవచ్చు. గాలిలో రెండూ ఉంటాయి, ముల్లు ఎక్కడ పెడితే ఆ పాటే వినబడుతుంది. ఎంఆర్‌ఐ కూడా ఒక రకం రేడియోనే. మన ఒంట్లోని నీటిలోనూ కొవ్వులోనూ హైడ్రోజన్ ఉంటుంది. 1.5 టెస్లా అయస్కాంతంలో, అంటే భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్ల బలంలో, ఆ హైడ్రోజన్ కేంద్రకాల్లో కొన్ని ఒక వరసకి వస్తాయి. రేడియో తరంగంతో వాటిని కదిపి వదిలేస్తే తిరిగి సర్దుకుంటూ సన్నటి సిగ్నల్ ఇస్తాయి. సర్దుకోవడానికి పట్టే సమయం కొవ్వులో ఒకలా, నీటిలో ఒకలా, వాపులో ఇంకోలా ఉంటుంది. ఏ తేడాని బొమ్మలో చూపించాలన్నది తీసేవాళ్ళు పెట్టే సెట్టింగుని బట్టి ఉంటుంది. దాన్ని సీక్వెన్స్ అంటారు. ఎముకలో వాపు పట్టుకోవడానికి కొవ్వు వెలుగుని ఆర్పేసే సీక్వెన్స్ ఒకటి. మెదడులో నీటి కదలిక ఆగిన చోటుని చూపించేది ఒకటి. పాత రక్తపు మరకలని చూపించేది మరొకటి. పిత్తనాళాన్ని మాత్రమే తెల్లగా వెలిగించేది ఇంకొకటి. అన్నీ అందరికీ పెట్టరు. అలా పెడితే రోజుకి చాలా కొద్దిమందికి మించి తీయలేరు. రోగి కాగితం మీద ఏం రాసి ఉందో చూసి ముల్లు తిప్పుతారు.

ఇక్కడొక చరిత్ర ముక్క. 1971లో రేమండ్ డమాడియన్ అనే డాక్టరు, ఎలుకల క్యాన్సర్ గడ్డల్లో ఈ సర్దుకునే సమయం మంచి కణజాలంలో కన్నా వేరుగా ఉందని ప్రకటించాడు. ఇక అంకె చూసి క్యాన్సర్ చెప్పేయవచ్చని ఆశ పుట్టింది. 1973లో పాల్ లాటర్‌బర్ ఆ సిగ్నళ్ళతో బొమ్మ కట్టే దారి చూపించాడు. 1977 జులై 3న డమాడియన్ బృందం మనిషి ఛాతీకి మొదటి బొమ్మ తీసింది, దానికి దాదాపు ఐదు గంటలు పట్టింది. 2003లో నోబెల్ లాటర్‌బర్‌కీ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కీ ఇస్తే డమాడియన్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించి మరీ పోట్లాడాడు. ఆ పోట్లాటలో ఎవరిది న్యాయమో నేను తేల్చలేను గానీ, ఆ మొదటి ఆశ మాత్రం పూర్తిగా నిలబడలేదు. గడ్డల అంకెలూ, వాపుల అంకెలూ, మామూలు కణజాలం అంకెలూ ఒకదాని మీదకి ఒకటి వచ్చేస్తాయి. తెల్ల మచ్చ మీద జబ్బు పేరు రాసి ఉండదు. రిపోర్టుల చివర 'రోగి లక్షణాలతో పోల్చి చూడగలరు' అనే అర్థంలో ఒక వాక్యం ఇంగ్లీషులో ఉంటుంది. అది తప్పించుకునే మాట అని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు రిపోర్టు మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదేనేమో అనిపిస్తోంది.

ఫిట్స్ వచ్చిన కుర్రవాళ్ళ ఫిల్ములు మా దగ్గరకి బాగా వస్తాయి. 'మెదడులో గడ్డ' అని వాళ్ళ ఇంట్లో అప్పటికే ఏడుపులు. చాలాసార్లు అది బద్దెపురుగు గుడ్డు నుంచి పుట్టిన చిన్న తిత్తి. మంచి ఎంఆర్‌ఐలో తిత్తి లోపల పురుగు తల ఒక చుక్కలా కనబడుతుంది. అది కనబడితే డాక్టరుకి సగం టెన్షన్ తీరినట్టే. కనబడకపోతే టీబీ గడ్డా, ఇదా అని తర్జనభర్జన తప్పదు. పంది మాంసం ముట్టని ఇళ్ళలోనూ ఇది వస్తుంది. మనిషి మలం కలిసిన నీళ్ళూ, సరిగ్గా కడగని పచ్చి కూరలూ ఆ గుడ్లని మోసుకొస్తాయి. "మేం శాకాహారులం, మాకెలా?" అని ఒకాయన నాతో అరగంట వాదించాడు.

పక్షవాతం సంగతి వేరు. అక్కడ మెట్ల నమ్మకం ప్రాణం మీదకి తెస్తుంది. మెదడులో రక్తనాళం మూసుకుపోతే కొన్ని నిమిషాలకే ఎంఆర్‌ఐలో మచ్చ వెలుగుతుంది, సీటీలో మొదటి గంటల్లో ఏమీ కనబడకపోవచ్చు. నిజమే. కానీ ఆ రక్తపు గడ్డని కరిగించే ఇంజక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. ముందు తెలియాల్సింది రక్తస్రావం ఉందా లేదా అని. అది సీటీ నిమిషాల్లో చెప్పేస్తుంది. మా వీధిలో ఒక పెద్దాయనకి నోరు వంకరపోతే, "తిన్నగా ఎంఆర్‌ఐ ఉన్న చోటికే పోదాం" అని ఎక్కడ ఉంది, ఎప్పుడు ఖాళీ అని ఫోన్లు చేస్తూ గంటన్నర ఇంట్లోనే గడిపేశారు. కొండ మీది నుంచి జ్వరంతో స్పృహ తప్పిన పిల్లవాణ్ణి తెస్తే ముందు కావలసింది వేలి చివర రక్తపు చుక్క, మలేరియా పరీక్షకి. రూర్కెలాలోని ఇస్పాత్ జనరల్ హాస్పిటల్లో సెరిబ్రల్ మలేరియా రోగుల మెదడుకి ఎంఆర్‌ఐ తీసి, వాపు ఎలా వస్తుందో పరిశోధించారు. గొప్ప పనే. అయితే వాళ్ళకి కూడా అది మలేరియా అని చెప్పింది రక్తమే.

ఇక ఇంజక్షన్ ఇచ్చి తీసే స్కానింగ్. మాకు తూర్పున, రాష్ట్రం గీతకి అవతల ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, కిడ్నీ జబ్బుతో పేరు మోసిన ఊళ్ళు. అక్కడివాళ్ళు బరంపురానికీ వస్తారు. ఎంఆర్‌ఐలో వాడే గాడోలినియం మందు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. కిడ్నీలు బాగా చెడినవాళ్ళకి పాతరకం మందులు ఇస్తే చర్మం, కీళ్ళు చెక్కలా గట్టిపడే జబ్బు వస్తోందని 2006లో బయటపడింది. ఇప్పటి కొత్తరకం మందులతో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా ముందు క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చూసుకోవాలి. బరంపురంలో ఒడియా డాక్టరుకి, రోగి ఉద్దానం మనిషని చెప్పకపోతే ఆ సంగతి తట్టకపోవచ్చు. అందుకని ఉద్దానం మనిషి ఎవరొచ్చినా, "ముందు నీ ఊరి పేరు చెప్పు, తర్వాత నొప్పి చెప్పు" అంటాను. నవ్వుతారు.

మా వైపు అసలు చిక్కు ఇదే. రోగి తెలుగులో చెబుతాడు, లేదా కొండల్లోని సవర గిరిజనుల భాషలో చెబుతాడు. డాక్టరు ఒడియాలో వింటాడు. కాగితం మీద ఇంగ్లీషులో రాస్తాడు. మూడు చేతులు మారాక నొప్పి రెండు ముక్కలవుతుంది, శరీరభాగం పేరు, స్కానింగ్ పేరు. ఎప్పటినుంచి, ఏ వేళ, దేనితో పాటు అన్నవన్నీ దారిలో రాలిపోతాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊరి బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు, మనుషులు మాట్లాడే మాటకే విలువుండాలని పోరాడారు. ఆయన పేరు చెప్పుకుని మురిసిపోతాం గానీ, ఆస్పత్రిలో సవర తెలిసిన మనిషి ఒక్కరుంటే బావుణ్ణని మేం ఎవరమూ గట్టిగా అడిగింది లేదు. మిషన్ లోపల పడుకున్న ముసలాయనకి మైకులో "హలంతు నాహి" అని వినిపిస్తుంది. కదలొద్దని దాని అర్థం. అది తెలియక, ఏమిటంటున్నారని తల ఎత్తి చూస్తాడు. బొమ్మ చెదురుతుంది. 'రోగి సహకరించలేదు' అని రాస్తారు.

పోయిన ఏడాది వానలప్పుడు గుమ్మ వైపు నుంచి ఒక సవర ముసలమ్మ మనవడితో వచ్చింది. చేతిలో నడుముకి ఎంఆర్‌ఐ రాసిన చీటీ. ఎంతవుతుంది, ఎక్కడ తీస్తారు అని మనవడు అడుగుతున్నాడు. వాడికి సవర, ఒడియా వచ్చు, తెలుగు కొంచెం. నాకు ఆ కుర్రాడి మోకాలు గుర్తొచ్చి, "ఎక్కడ నొప్పో అవ్వని చూపించమను" అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తిప్పి చూపించింది. నడుం కాదు. చాలా పైన, రెక్కల ఎముకలకి కొంచెం దిగువగా. వాడు డాక్టరు దగ్గర ఒడియాలో 'అంటా' అన్నాడు. అంటే నడుము. వీపు వెనక ఏదైనా వాడికి అంటానే. ఆ ఒక్క మాటకి డాక్టరు నడుముకి రాశాడు. ఆయన తప్పేముంది?

అరగంట కూర్చోబెట్టి అడిగాను. మూడు నెలలుగా నొప్పి. రాత్రి ఎక్కువ. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతుంది. తిండి సయించడం లేదు. నెల నుంచి నడుస్తుంటే కాళ్ళు బరువు. ఇంట్లో పెద్ద కొడుకు రెండేళ్ళ కిందట టీబీ మందులు వాడాడు. అవన్నీ ఒక తెల్ల కాగితం మీద ఇంగ్లీషులో రాసి, నొప్పి చోటుకి ఒక మనిషి బొమ్మ గీసి గుర్తు పెట్టి, "స్కానింగ్‌కి పోకండి, ముందు ఇది తీసుకెళ్ళి డాక్టరుకే ఇవ్వండి" అని పంపాను. నా బొమ్మ చూస్తే చిన్నపిల్లలు నవ్వుతారు. డాక్టరు నవ్వలేదు. పాత చీటీ కొట్టేసి, క్రియాటినిన్ చూసి, వెన్నెముక మొత్తానికి ఇంజక్షన్‌తో తీయమని కొత్తది రాశాడు.

ముక్కుకీ చెవులకీ మెడకీ ఉన్న లోహపు నగలన్నీ తీయించడానికే గంట పట్టిందట. అయస్కాంతం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది మరి. 2018లో ముంబైలో రోగి వెంట ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్ళిన మనిషి ప్రాణమే పోయింది.

వీపు మధ్యలో రెండు వెన్నుపూసలూ వాటి మధ్య డిస్కూ చెడి, పక్కనే చీము చేరి, వెన్నుపాముని నొక్కడం మొదలుపెట్టింది. నడుముకి మాత్రమే తీసి ఉంటే ఆ చోటు ఫిల్ములోకే వచ్చేది కాదు. టీబీ అని ఎంఆర్‌ఐ అనుమానం చెప్పింది. సూదితో తీసిన చీము ఖాయం చేసింది. ఏడాది తక్కువ కాకుండా మందులు వాడాలి, అవి సర్కారు ఉచితంగానే ఇస్తోంది.

మొన్న వీపు పట్టీ కొత్తది కావాలని మా షాపుకి వచ్చారు. కాళ్ళ బరువు తగ్గింది, మనవడి చెయ్యి పట్టుకోకుండానే మెట్లెక్కింది. మనవడు కవరు కూడా తెచ్చాడు. "ఎక్కడుందో అవ్వకి చూపించండి, ఎవరూ చూపించలేదట" అన్నాడు. ఫిల్ము తీసి ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టాను. ఈసారి ఎక్కడ చూడాలో నాకు తెలుసు. పైనుంచి పూసలు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒక చోట వేలు పెట్టాను. ఆమె ఫిల్ము వంక కాసేపు చూసింది. తర్వాత చెయ్యి వెనక్కి తిప్పి, మొదటి రోజు చూపించిన చోటే మళ్ళీ చూపించింది.